రెండో రిపోర్టు

స్వీటు డబ్బాను ఎవరూ తెరవలేదు.

శుక్రవారం సాయంత్రం మెకానిక్ ఇస్సాకు తెచ్చి ఇచ్చినప్పటినుంచీ అది భోజనాల బల్ల మీద అలాగే ఉంది. శనివారం పొద్దున్న ఉప్మా ప్లేట్లు పెట్టడానికి బిందుమాధవి దాన్ని ఒక పక్కకి జరిపింది. అంతే.

లక్ష్మీకాంత్ ప్లేటు ముట్టుకోలేదు. ఫోనులో రిపోర్టు ఫొటోను మళ్ళీ పెద్దది చేసి చూస్తున్నాడు. జల్‌పల్లిలో ఇస్సాకు కొనబోతున్న ఎనభై గజాల ఇల్లు. దాని విలువ నలభై నాలుగు లక్షలని అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. కింద అతని సీలు. సీలు పక్కన అతని సంతకం.

ఆ ఇంటికి అతను కట్టిన విలువ ఇరవై తొమ్మిది. స్థలం చెరువు నీళ్ళు నిలిచే శిఖం భూమిలో ఉన్నట్టుంది, గోడల్లోంచి నీరు ఊరుతోంది, దీని మీద అప్పు ఇవ్వడం మంచిది కాదని కింద మూడు వాక్యాలు కూడా రాశాడు. ఈ రిపోర్టులో ఆ మూడు వాక్యాలూ లేవు. వాటి స్థానంలో 'నిర్మాణం దృఢంగా ఉన్నది' అని ఉంది.

"ఎన్నిసార్లు చూస్తావురా దాన్ని?" అన్నాడు తండ్రి వీరరాఘవరావు. ఆయన ఆడిట్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి.

"బ్రాంచిలో ఎవడో మార్చాడు నాన్నగారూ. నా సంతకం కోసి దీనికి అతికించాడు."

"ఎవడో ఏమిటి? నీ బావమరిది ఉన్నాడుగా అక్కడ."

బిందుమాధవి వంటింటి గుమ్మంలో నిలబడింది. బావమరిది అంటే ఆమె తమ్ముడు శ్రీవత్స.

ఇస్సాకుకి అప్పు ఇస్తున్న ఫైనాన్స్ కంపెనీ సంతోష్‌నగర్ బ్రాంచిలో శ్రీవత్స క్రెడిట్ మేనేజరు. ఇళ్ళ విలువ కట్టే ఇంజనీర్ల జాబితాలో బావ పేరు చేర్పించింది అతనే. ఈ జల్‌పల్లి ఇంటి విషయంలో సోమవారం వచ్చి విలువ పెంచమని బతిమాలాడు. మంగళవారం ఫోనులో విసుక్కున్నాడు. బుధవారం నుంచి మాట్లాడడం మానేశాడు. ఆ నిశ్శబ్దాన్ని లక్ష్మీకాంత్ తన గెలుపనుకున్నాడు.

"ఇవాళే స్టేషన్‌కి వెళ్తాను. ఫోర్జరీ కేసు పెడతాను," అన్నాడు లేస్తూ.

"పెట్టకండి," అంది బిందుమాధవి.

"ఏం, తమ్ముడనా?"

"వాడు కాదు. నేనే పంపాను."

లక్ష్మీకాంత్ కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వీరరాఘవరావు చేతిలోని చెంచా ప్లేటులో పెట్టేశాడు.

"ఎప్పుడు?"

"బుధవారం. మీరు బండ్లగూడ సైటుకి వెళ్ళినప్పుడు. వాడు ఫోన్ చేశాడు. ఏం రాయాలో మెసేజిలో పంపాడు. మన కంప్యూటర్లోనే మార్చి, మీ సంతకం పెట్టి, మీ మెయిలు నుంచి పంపాను."

"ఆ మూడు వాక్యాలు?"

"తీసేశాను."

"చదివే తీసేశావా?"

"చదివాను."

లక్ష్మీకాంత్‌కి ఆ గోడ గుర్తొచ్చింది. పది రోజుల క్రితం ఆ ఇంటి పడగ్గది గోడ మీద బొటనవేలు నొక్కితే కొత్త రంగు మెత్తగా లోపలికి దిగిపోయింది. వేలు తీస్తే ఆ గుంటలోంచి నల్లటి తడి, మురుగు వాసన. రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ వాసన సాయంత్రం దాకా వదల్లేదు. ఇప్పుడు మళ్ళీ అదే వాసన వస్తున్నట్టుంది.

"అసహ్యంగా లేదూ నీకు?" అన్నాడు.

"ఉంది." ఆమె గొంతు పెరగలేదు. "కానీ ఇవాళ కొత్తగా ఏమీ లేదు. పదకొండేళ్ళుగా మీ రిపోర్టులు టైపు చేస్తున్నాను. మీ నోటు పుస్తకంలో ఒక అంకె, నాకు చెప్పేది ఒక అంకె. పోయినసారి మీర్‌పేట ఇంటికి 'ఓ మూడు లక్షలు కలుపు, వాళ్ళు గోల చేస్తున్నారు' అన్నారు. కలిపాను. మీరు చెప్పినప్పుడల్లా కలిపాను. ఈసారి మీరు చెప్పలేదు. తేడా అదొక్కటేగా."

"ఆ ఇళ్ళు చెరువులో లేవు."

"మీకు తెలుసా? అన్నిటికీ వెళ్ళి చూశారా, కొన్నిటికి ఫొటోలు చూసి రాశారా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏడాదిలో మూడు కంపెనీలు మిమ్మల్ని తీసేశాయి," అంది ఆమె. "తీసేశామని ఒక్కరూ చెప్పలేదు. ఫోన్లు రావడం మానేశాయి, అంతే. మీరు రోజూ పొద్దున్నే స్నానం చేసి, షర్టు వేసుకుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవారు. అది చూడలేకపోయాను. మిగిలింది ఈ కంపెనీ ఒక్కటే. ఇదీ పోతే నా బడి జీతంతో ఎన్నాళ్ళని..."

మాట పూర్తి చేయకుండా లోపలికి వెళ్ళిపోయింది.

వీరరాఘవరావు కొడుకు వైపు చూశాడు. "ఎన్ని ఇళ్ళురా?"

"ఏమిటి?"

"అంకె మార్చినవి."

లక్ష్మీకాంత్ లెక్క వేయబోయి మానుకున్నాడు. ముసలాయన లేచి, తన ప్లేటు తనే సింకులో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

*

పదింటికి శ్రీవత్స వచ్చాడు. బ్రాంచికి వెళ్తూ దారిలో ఆగినట్టు వచ్చాడు. మెడలో కంపెనీ ట్యాగు, ఇస్త్రీ చొక్కా.

"ఏంటి బావా, అందరూ గిట్ల సైలెంట్ ఉన్నరు?" అంటూ కూర్చుని, స్వీటు డబ్బా తనవైపు లాక్కున్నాడు. "ఎవరు తెచ్చిన్రు?"

"ఇస్సాకు. జల్‌పల్లి ఇంటి లోను సాంక్షన్ అయిందని."

"చూసినవా మరి. కస్టమర్ ఖుషీ." రబ్బరు బ్యాండు తీసి, ఒక మైసూరుపాకు నోట్లో వేసుకున్నాడు. ఆఫీసులో, బయటా హైదరాబాదీ మాట్లాడే శ్రీవత్స అక్క దగ్గరికి వచ్చేసరికి ఇంటి భాషలోకి దిగుతాడు. "అక్కా, కాఫీ ఏమన్నా ఇస్తావా?"

బిందుమాధవి కదల్లేదు. అతని వేళ్ళకంటిన నెయ్యి వైపు చూస్తూ నిలబడింది.

"ఆ ఇంట్లో నీళ్ళు ఊరుతున్నాయిరా," అన్నాడు లక్ష్మీకాంత్.

"హైదరాబాద్‌ల యాడ ఊరుత లేవు బావా?"

"చెరువు శిఖం అది. వానలొస్తే ఇంట్లోకి నీళ్ళొస్తాయి. రేపు అధికారులు వచ్చి కూల్చినా అడిగే దిక్కుండదు."

"అదంతా లీగల్ వాళ్ళు చూసుకుంటరు. నువ్వు రేటు చెప్పు, చాలు."

"చెప్పాను."

"నువ్వు చెప్పిన రేటుకు లోను రాదు బావా. బిల్డర్ వైకుంఠం నలభై రెండు అడుగుతున్నడు. లోను రాకుంటే ఆ మెకానిక్‌కు ఇల్లు రాదు. నా టార్గెట్ పోతది, నీకు పని పోతది. ఎవరికి ఫాయిదా అయింది, నువ్వే చెప్పు."

"కూల్చేస్తే ఏం చేస్తారు? మీ కంపెనీ డబ్బు కూడా పోతుందిగా."

శ్రీవత్స నవ్వాడు. అందులో వెటకారం లేదు. తెలియని వాడికి తెలియజెప్పే ఓపిక ఉంది. "ఎట్ల పోతది? ఆయన ఆర్టీసీ డిపోల పనిచేస్తడు. జీతంల నుంచే కటింగ్. ఇల్లున్నా లేకున్నా ఇరవై ఏండ్లు కడతనే ఉంటడు. మేం ఇంటిని చూసి ఇస్తలేం బావా, జీతం చూసి ఇస్తున్నం. నీ రిపోర్టు ఫైలు నింపనీకి."

శ్రీవత్స రెండో ముక్క తీసుకున్నాడు.

పదకొండేళ్ళు ఎండలో టేపు పట్టుకుని తిరిగింది, మేడలెక్కి దిగింది, పునాదులు తవ్వించి చూసింది ఫైలు నింపడానికట. లక్ష్మీకాంత్‌కి ఆ నమిలే నోరు చూడాలనిపించలేదు. చూపు తిప్పుకోవడమూ చేతకాలేదు.

"హెడ్డాఫీసుకి ఉత్తరం రాస్తున్నాను," అన్నాడు. "రెండో రిపోర్టు నాది కాదని. సోమవారం రిజిస్ట్రేషన్ లోపల."

"రాయి. మరి ఎవరిదని అడుగుతరు." శ్రీవత్స రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. "మెయిల్ నీది. కంప్యూటర్ నీ ఇంట్లది. నేను చేయమన్నట్టు ఏడుంది?"

"మెసేజి పంపావు కదరా," అంది బిందుమాధవి.

"చూడక్కా, ఉందేమో."

ఆమె ఫోను తీసింది. తమ్ముడి పేరు నొక్కింది. బుధవారం నాటి మెసేజి ఉండాల్సిన చోట, దాన్ని తొలగించినట్టు బూడిదరంగు అక్షరాల్లో ఒక్క లైను ఉంది. దాని పైన ఆమె పుట్టినరోజుకి అతను పంపిన పూలబొమ్మ అలాగే ఉంది.

"ఎప్పుడు తీసేశావు?"

"అప్పుడే. బ్రాంచిలో అందరం అలాగే చేస్తాం, అలవాటు. నీ మీద అనుమానంతో కాదక్కా." అతను లేచి బూట్లు వేసుకుంటున్నాడు. "నువ్వేం భయపడకు. బావ రాయడు. రాస్తే ఫస్టు నీ పేరే వస్తుందని ఆయనకి తెలుసు."

అతని బైకు చప్పుడు సందు మలుపు దాటేదాకా ఆమె ఫోను వైపే చూస్తూ ఉంది.

"చిన్నప్పుడు వాడికి నేను అన్నం కలిపి పెట్టేదాన్ని," అంది ఎవరితోనో చెబుతున్నట్టు.

లక్ష్మీకాంత్ స్కూటరు తాళాలు తీసుకున్నాడు. "మాదన్నపేట వెళ్ళొస్తాను. ఇస్సాకుకి చెప్పాలి."

"ఏం చెప్తారు?"

"ఇల్లు కొనొద్దని."

"ఎవరు మార్చారని అడిగితే?"

అతను ఆ ప్రశ్న వినబడనట్టు మెట్లు దిగాడు.

*

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో, ఇస్సాకు అద్దెకుంటున్న రెండు గదుల్లో సగం సామాను అప్పటికే మూటలు కట్టి ఉంది. గోడ మీద క్యాలెండరు తీసేసిన చోట తెల్లటి చతురస్రం. మూటల మధ్య పీట వేసుకుని ఇస్సాకు భార్య సుందరమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఇస్సాకు ఇంకా ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు.

"రాండ్రి సార్, రాండ్రి. ఏయ్, కుర్చీ తుడువు సారుకు."

కుర్చీ వచ్చింది, నీళ్ళు వచ్చాయి. లక్ష్మీకాంత్ నీళ్ళు తాగకుండానే చెప్పేశాడు. ఇంటి విలువ అంత లేదని, స్థలం చెరువుదని, తను రాసింది వేరని, ఫైనాన్స్ కంపెనీలో ఉన్న కాగితం తనది కాదని చెప్పాడు. సోమవారం రిజిస్ట్రేషన్‌కి వెళ్ళొద్దన్నాడు.

ఇస్సాకు నవ్వు మొహం మీదే నిలబడి, మెల్లగా ఆరిపోయింది.

"గోడలు తడుస్తున్నయని మాకు తెల్వదా సార్?" అన్నాడు. "పద్దెనిమిదేండ్ల నుంచి కిరాయి ఇండ్లల్ల ఉన్నం. ఎండిన గోడ ఎన్నడన్న చూసినమా? తడి మాకు ఫికర్ లేదు."

"తడి ఒక్కటే కాదు ఇస్సాకన్నా. భూమే మీది కాకుండా పోతుంది. అప్పు మాత్రం ఉంటుంది."

"నిన్న నేను మిఠాయి తెచ్చిన. మీ ముందరనే రిపోర్టు తీసి చూపెట్టిన. ఫొటో పంపు అన్నరు, పంపిన. గప్పుడెందుకు చెప్పలే?"

నిన్న గుమ్మంలో ఆ కాగితం చూసినప్పుడు తన మొహం ఎలా పెట్టుకోవాలన్న ఆలోచనే తప్ప, ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి గుర్తుకే రాలేదు. ఆ సంగతి లక్ష్మీకాంత్‌కి ఇప్పుడే తెలిసింది.

"అడ్వాన్సు మూడు లక్షలు వైకుంఠానికి కట్టినం," అన్నాడు ఇస్సాకు. "నా పీఎఫ్ పైసలు. ఓనరుకు ఇల్లు ఖాళీ చేస్తమని చెప్పినం. మా ఇంట్ల ఐతవారం ప్రార్థన పెట్టుకుంటే పాటలు ఎక్కువైనయని ఆయన లొల్లి. మా అసొంటోళ్ళకు ఒక తలుపు దొరుకుతదనుకున్నం. ఇప్పుడొచ్చి తలుపు లేదంటరు."

సుందరమ్మ చేటలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మీరు చెప్పింది నిజమే సారూ?"

"నిజం."

"అయితే నోటితోని గాదు, రాసియ్యిండ్రి. అడ్వాన్సు వాపస్ అడిగితే వైకుంఠం ఊకుంటడా? లోనొచ్చింది గద, ఇంజనీరు మంచిగుందని రాసిండు గద అంటడు. మా చేతిల కాయితం ఉండాలె."

మూటల్లోంచి కూతురు సోనీ నోటుబుక్కు లాగి, మధ్యలోంచి ఒక పేజీ తీసి, పెన్నుతో పాటు అతని ముందు పెట్టింది. లక్ష్మీకాంత్ ఒళ్ళో పుస్తకం ఆనించుకుని రాశాడు. స్థలం వివరం రాశాడు, తను చూసిన తేదీ రాశాడు, ఇరవై తొమ్మిది రాశాడు. తీసేసిన మూడు వాక్యాలూ ఒక్క అక్షరం పోకుండా మళ్ళీ రాశాడు. చాలా ఏళ్ళ తర్వాత చేయి ఎక్కడా ఆగకుండా కదిలింది. 'రెండో రిపోర్టు నేను తయారు చేయలేదు, నా అనుమతితో పంపలేదు' అని రాసి ఆపాడు.

సుందరమ్మకి చదువు రాదు. ఇస్సాకు పైకి చదివి వినిపించాడు.

"మరి ఎవరు చేసిన్రు?" అంది ఆమె. "ఆ పేరు లేకుంటే ఎవరన్న నమ్ముతరా? నీ సంతకమే గద అంటరు."

"అది..." అన్నాడు లక్ష్మీకాంత్.

"మీకు ఎర్కలేదా?"

"తెలుసు."

"తెలిస్తే రాయిండ్రి."

అతను పెన్ను కాగితం మీద ఆనించాడు. ఆనించిన చోట చిన్న సిరా చుక్క పెద్దదవుతూ వచ్చింది. బయట ఆటో ఆగింది. డ్రైవరుతో చిల్లర గురించి మాట్లాడుతున్న గొంతు విని అతను తలెత్తాడు.

బిందుమాధవి గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది.

"ఎవరమ్మా?" అంది సుందరమ్మ.

"ఈయన భార్యని. ఈయన రిపోర్టులు టైపు చేసేది నేనే."

ఆ ఇల్లు కొంటున్నవాళ్ళు ఎలాంటివాళ్ళో ఆమె ఎప్పుడూ చూడలేదు. దరఖాస్తుదారు, సహదరఖాస్తుదారు అని రెండు పేర్లు, ఈ చిరునామా టైపు చేసిందంతే. ఇప్పుడు ఆ రెండు పేర్ల మధ్య నిలబడి, మూటల వైపు, గోడ మీద తెల్లటి చతురస్రం వైపు చూసింది. సుందరమ్మ పీట జరిపితే దాని మీద కూర్చుంది.

"ఇలా ఇవ్వండి," అని భర్త ఒళ్ళోంచి కాగితం తీసుకుంది. మొత్తం చదివింది. ఆయన ఎక్కడ ఆగిపోయాడో చూసింది.

"బిందూ, నువ్వు ఇందులోకి రాకు," అన్నాడు లక్ష్మీకాంత్.

ఆమె పెన్ను తీసుకుంది. బడిలో నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో, సిరా చుక్క పక్కనుంచి మొదలుపెట్టింది. తమ్ముడి పేరు రాయాల్సిన చోట ఒక్కసారి ఆగింది. తర్వాత ఆగలేదు. రాసి, కాగితం భర్త ముందు పెట్టింది.

'సదరు రిపోర్టును బ్రాంచి క్రెడిట్ మేనేజరు శ్రీవత్స, మా ఇంటికి వచ్చినప్పుడు, మాకు తెలియకుండా మా కంప్యూటరులో తానే మార్చి, నా భర్త సంతకం వాడుకుని పంపినాడు. ఇందుకు నేను సాక్షిని.'

కింద ఆమె సంతకం.

లక్ష్మీకాంత్ రెండుసార్లు చదివాడు.

"ఇది ఇలా జరగలేదు," అన్నాడు ఆమెకి మాత్రమే వినబడేలా.

"వాడు మెసేజి తుడిచేశాడు. నేను నా పేరు తుడుచుకుంటున్నాను." ఆమె గొంతు కూడా అంతే నెమ్మదిగా ఉంది. "వీళ్ళకి కావలసింది కాగితం. ఇది చాలు. మీరు సంతకం పెడితే వీళ్ళ అడ్వాన్సు వెనక్కి వస్తుంది. పెట్టకపోతే సోమవారం ఆ ఇల్లు వీళ్ళ మెడకి చుట్టుకుంటుంది."

"మరి శ్రీవత్స?"

"వాడి సంగతి నాకు చెప్పకండి."

పెన్నును అతని వేళ్ళ మధ్య పెట్టింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. పదకొండేళ్ళలో ఎందరో అతని ముందు కాగితం పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో చూపించారు. వాళ్ళందరూ చెప్పిన కారణాలు కూడా మంచివే.

ఇస్సాకు భార్య వైపు చూశాడు. సుందరమ్మ మాత్రం తను చదవలేని ఆ కాగితం వైపు చూడడం లేదు. ఆ ఇద్దరి మొహాలనే మార్చి మార్చి చూస్తోంది.

"ఏంది సారూ," అంది. "గా కాయితంల రాసింది నిజం గాదా?"